చదరంగం నేర్చుకుందాం రండి



ఈ పేజీలో మామూలుగా పథ్యం గురించి, పుండ్ల శుభ్రత గురించి, మాత్రలు వేసుకోవలసిన వేళల గురించి చదువుతుంటారు. ఈసారి పాఠం చదరంగం. ఆసుపత్రి పత్రికలో ఆట పాఠమేమిటి అని కొందరికి అనిపించవచ్చును. కారణం చెబుతాను.

పెద్దవారికి తొడ ఎముక విరిగితే అది గట్టిగా అతకడానికి నెలలు పడుతుంది. డయాలసిస్‌కు వచ్చేవారు ప్రతిసారీ సుమారు 4 గంటలు ఒకే చోట ఉండాలి. ఆపరేషన్ అయినవారి దగ్గర తోడు కూర్చున్న తల్లికో భార్యకో పగలంతా గోడ గడియారమే లోకం. మందు తన పని తాను చేస్తుంది, ఎముక తన వేళకు తాను అతుకుతుంది. మధ్యలో ఉన్న ఖాళీ గంటలే మనిషిని ఎక్కువగా కుంగదీస్తాయి. ఆ గంటలన్నీ ఫోనుతోనే గడిపితే పక్క మంచంలో ఉన్నవారి పేరు కూడా తెలియకుండానే డిశ్చార్జి అయిపోతాము.

చదరంగానికి ఒక బల్ల, 32 పావులు, ఎదురుగా ఒక మనిషి ఉంటే చాలు. మంచం మీద కూర్చునే ఆడవచ్చును. ఒక చేతికి సెలైన్ ఎక్కుతున్నా రెండో చేత్తో ఆడవచ్చును. అంతర్జాతీయ నియమాల ప్రకారం కూడా ఒక ఎత్తును ఒకే చేత్తో వేయాలి. ఎదుటివారి భాష రాకపోయినా ఆడవచ్చును. చూపు లేనివారు కూడా ఆడుతున్నారు. వారి బల్ల మీద నల్ల గడులు కొంచెం ఎత్తుగా ఉంటాయి, ప్రతి గడిలో ఒక రంధ్రం ఉంటుంది, పావు కింద ఉన్న పుల్ల అందులో దిగుతుంది. నల్ల పావులకు చేతికి తెలిసే గుర్తు ఉంటుంది. వారు వేళ్లతో తడిమి చూసుకుని, ఎత్తును నోటితో చెబుతూ ఆడతారు.

ఈ పాఠమంతటిలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే: ఎదుటివారు వేసిన ఎత్తును చూడకుండా మన చెయ్యి పావు మీదికి పోకూడదు. మిగతావన్నీ నెమ్మదిగా వస్తాయి.

ముందుగా కొన్ని నిజాలు

చదరంగం మందు కాదు. అది ఆడితే మతిమరుపు జబ్బు రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2003లో అమెరికాలో 75 ఏళ్లు పైబడిన 469 మందిని కొన్నేళ్లపాటు గమనించిన ఒక పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. బల్ల ఆటలు ఆడేవారిలో, పుస్తకాలు చదివేవారిలో, వాయిద్యం వాయించేవారిలో, నాట్యం చేసేవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. అయితే ఆట వల్లే జబ్బు తగ్గిందా, లేక మెదడు బాగున్నవారే ఆటలు ఎక్కువగా ఆడుతున్నారా అన్నది అటువంటి పరిశోధన తేల్చలేదు. మెదడు ఆరోగ్యం కోసం బి.పి., షుగరు అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం, నడవడం, చెవి సరిగా వినబడకపోతే పరీక్ష చేయించుకోవడం, ఇవి ముందు. చదరంగం వాటి తరువాత.

పిల్లల మార్కుల విషయం కూడా ఇంతే. 2016లో ఇంగ్లండులో 100 పాఠశాలల్లో జరిపిన పరిశీలన ఫలితాలు వచ్చాయి. ఏడాదిపాటు చదరంగం నేర్పిన పిల్లలను పాఠం అయిపోయిన ఒక సంవత్సరానికి పరీక్షించి చూస్తే, లెక్కలలో ఇతర పిల్లలకంటే మెరుగుదల ఏమీ కనిపించలేదు. కాబట్టి మార్కుల కోసం పిల్లవాడిని బలవంతంగా కూర్చోబెట్టకండి. ఆట ఆటగానే మంచిది. అది మనిషికి మనిషిని తోడు చేస్తుంది, కాసేపు నొప్పి మీద నుండి ధ్యాస మళ్లిస్తుంది, ఆగి ఆలోచించే అలవాటుకు సాధన ఇస్తుంది. ఈ మేలు చాలు.

బల్ల పరచడం

బల్ల మీద అడ్డంగా 8, నిలువుగా 8, మొత్తం 64 గడులు ఉంటాయి. బల్లను మీ ముందు పెట్టుకున్నప్పుడు మీ కుడిచేతి వైపు మూలన తెల్ల గడి రావాలి. మొదట అందరూ పొరబడేది ఇక్కడే. ఇది తప్పితే మిగతా అమరిక కూడా తప్పుతుంది.

ఒక్కొక్కరికి 16 పావులు. మీకు దగ్గరగా ఉన్న మొదటి వరుసలో రెండు మూలలా ఏనుగులు, వాటి పక్కన గుర్రాలు, గుర్రాల పక్కన శకట్లు పెట్టండి. మధ్యలో మిగిలిన రెండు గడులలో మంత్రి తన రంగు గడిలో ఉండాలి: తెల్ల మంత్రి తెల్ల గడిలో, నల్ల మంత్రి నల్ల గడిలో. రెండో గడి రాజుది. రెండో వరుస నిండా 8 బంట్లు. ఎప్పుడూ తెల్ల పావులవారే ముందు వేస్తారు. తరువాత ఒకరి తరువాత ఒకరు ఒక్కొక్క ఎత్తు వేయాలి.

గడులకు పేర్లు ఉన్నాయి. తెల్ల పావులవారి ఎడమ నుండి కుడికి నిలువు వరుసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. వారి దగ్గర నుండి ఎదుటివారి వైపుకు అడ్డ వరుసలు 1 నుండి 8 వరకు. తెల్ల రాజు ఉండే గడి ఇ1, నల్ల రాజు ఉండే గడి ఇ8. కింద చెప్పబోయే ఉదాహరణలకు ఇది కావాలి.

పావుల నడక

రాజు: ఏ పక్కకైనా ఒక్క గడి. ఎదుటివారు కొట్టగల గడిలోకి రాజు వెళ్లకూడదు.

ఏనుగు: నిలువుగా, అడ్డంగా, దారి ఖాళీ ఉన్నంత దూరం.

శకటు: ఐమూలగా, దారి ఖాళీ ఉన్నంత దూరం. కొందరు దీనిని ఒంటె అంటారు. ఇంగ్లీషులో దీని పేరు బిషప్. తెల్ల గడిలో మొదలైన శకటు ఆట అయ్యేవరకు తెల్ల గడులలోనే తిరుగుతుంది.

మంత్రి: ఏనుగులా, శకటులా రెండు విధాలా నడుస్తుంది. అన్నిటికంటె బలమైన పావు. ఇంగ్లీషువారు దీనిని రాణి అంటారు.

గుర్రం: రెండు గడులు నేరుగా వెళ్లి, అక్కడ నుండి ఒక గడి పక్కకు. మధ్యలో ఉన్న పావుల మీద నుండి దూకగలిగేది ఇదొక్కటే. తెల్ల గడిలో ఉన్న గుర్రం దూకితే నల్ల గడిలోనే దిగుతుంది, నల్ల గడిలో ఉన్నది తెల్ల గడిలో దిగుతుంది.

బంటు: ముందుకు ఒక్క గడి. మొదటిసారి కదిలేటప్పుడు మాత్రం కావాలంటే రెండు గడులు. నేరుగా ఎదురుగా ఉన్న పావును కొట్టలేదు, ఐమూలగా ముందు గడిలో ఉన్నదానినే కొడుతుంది. వెనక్కి రాదు. చివరి వరుస చేరిన బంటును తీసి మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం వీటిలో కోరుకున్నదానిని పెట్టుకోవచ్చును. సాధారణంగా అందరూ మంత్రినే కోరుకుంటారు.

పావుల విలువను ఇలా గుర్తుపెట్టుకోండి: బంటు 1, గుర్రం 3, శకటు 3, ఏనుగు 5, మంత్రి 9. రాజుకు వెల లేదు, రాజు చిక్కితే ఆట అయిపోయినట్టే.

షా, ఆటకట్టు

మీ పావు ఎదుటి రాజును కొట్టగల చోటికి వస్తే అది షా. చెక్ అని కూడా అంటారు. షా అనే పారశీక మాటకు రాజు అని అర్థం. షా వచ్చినప్పుడు తప్పించుకోవడానికి మూడే దారులు: రాజును జరపడం, షా ఇచ్చిన పావును కొట్టడం, మధ్యలో ఏదైనా పావును అడ్డు పెట్టడం. గుర్రం ఇచ్చిన షాకు అడ్డు పెట్టడం కుదరదు, ఎందుకంటే అది దూకుతుంది. ఈ మూడు దారులూ మూసుకుపోతే ఆటకట్టు. షా ఇచ్చినవారు గెలిచారు.

షా లేదు గాని వేయడానికి నియమం ప్రకారం ఒక్క ఎత్తు కూడా లేదంటే అది ఆటకట్టు కాదు, ఆట సమానం. గెలిచే ఆటను ఇక్కడ పోగొట్టుకునేవారు చాలామంది. ఎదుటివారికి రాజు ఒక్కడే మిగిలినప్పుడు ప్రతి ఎత్తుకు ముందు, ఆ రాజుకు కదలడానికి ఒక గడి మిగిలిందా అని చూసుకోండి.

కోట కట్టడం కూడా తెలుసుకోవాలి. రాజును ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఆ ఏనుగును రాజు మీదుగా తెచ్చి అవతలి పక్కన పెట్టడమే కోట. రాజు గాని ఆ ఏనుగు గాని అంతకుముందు కదిలి ఉండకూడదు. రెండింటి మధ్య పావులు ఉండకూడదు. రాజు షాలో ఉండకూడదు, ఎదుటివారు కొట్టగల గడి మీదుగా పోకూడదు, అటువంటి గడిలో దిగకూడదు. బంటును దారిలో కొట్టే ప్రత్యేక నియమం ఒకటి ఉన్నది, అది రెండో నెలలో నేర్చుకోవచ్చును.

తాతలకు, మనవళ్లకు ఒక మాట. చదరంగం మన దేశంలో సుమారు 6వ శతాబ్దం నాటి చతురంగం నుండి వచ్చింది. ఏనుగులు, రథాలు, గుర్రాలు, కాలిబంట్లు అనే నాలుగు అంగాల సైన్యమే చతురంగం. అది పారశీకం మీదుగా, అరబ్బుల ద్వారా ఐరోపా చేరింది. మంత్రికి ఇంత దూరం పోయే బలం 15వ శతాబ్దం చివరలో అక్కడే వచ్చింది. మన పెద్దలు ఆడిన పాత దేశీ పద్ధతిలో కోట లేదు, షా తగలని రాజు ఒకసారి గుర్రంలా దూకవచ్చును, బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడిచేది. అందుచేత ఇంట్లో పెద్దాయన అలా ఆడితే తొండి అనవద్దు. ఏ పద్ధతిలో ఆడాలో ఆట మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి. పోటీలలో ఆడేది పైన చెప్పిన అంతర్జాతీయ పద్ధతే.

వారం రోజుల పాఠం

అన్నీ ఒక్కరోజే చెబితే చిన్నవారికీ పెద్దవారికీ విసుగు వస్తుంది. రోజుకు అరగంట చాలు.

1వ రోజు: బల్ల పరచండి. ఇద్దరికీ 8 బంట్లు మాత్రమే. ముందుగా చివరి వరుస చేరినవారు గెలిచినట్టు. ఎవరూ కదలలేకపోతే సమానం.

2వ రోజు: బంట్లకు రాజును కలపండి. రాజు ఎదుటి బంట్లను ఎలా అడ్డుకుంటాడో తెలుస్తుంది.

3వ రోజు: ఏనుగులు, శకట్లు చేర్చండి.

4వ రోజు: గుర్రం ఒక్కటే తీసుకోండి. ఖాళీ బల్ల మీద ఒక మూల నుండి ఎదుటి మూలకు ఎన్ని ఎత్తులలో చేరుతుందో చూడండి. 6 కంటే తక్కువలో చేరలేదు.

5వ రోజు: మంత్రిని చేర్చి అన్ని పావులతో ఆడండి. గెలుపు ఓటములు లెక్కపెట్టవద్దు.

6వ రోజు: రెండు ఏనుగులతో ఆటకట్టు నేర్చుకోండి. నల్ల రాజును ఇ5లో, తెల్ల ఏనుగులను ఎ4, హెచ్1లలో, తెల్ల రాజును జి1లో పెట్టండి. ఎ4లో ఉన్న ఏనుగు 4వ వరుసను కాస్తోంది, రాజు కిందికి రాలేడు. ఇప్పుడు హెచ్1 ఏనుగును హెచ్5కు తెచ్చి షా ఇవ్వండి. రాజు పైకి, ఇ6కు పోయాడనుకుందాం. ఎ4 ఏనుగును ఎ6కు తెచ్చి షా. రాజు ఇ7కు పోతాడు. హెచ్5 ఏనుగును హెచ్7కు తెచ్చి షా. రాజు ఇ8కు పోతాడు. ఎ6 ఏనుగును ఎ8కు తెస్తే ఆటకట్టు. రెండు కాళ్లతో మెట్లు ఎక్కినట్టు ఒకదాని తరువాత ఒకటి. రాజు ఏనుగు దగ్గరకు వస్తే భయపడవద్దు, అదే వరుసలో దానిని రెండో చివరకు దూరంగా జరపండి.

7వ రోజు: పూర్తి ఆట. ఇక నుండి తాకిన పావునే వేయాలన్న నియమం పాటించండి.

చెయ్యి కంటె ముందు చూపు

నేర్చుకునేవారు త్వరగా ఓడిపోయే ఒక ఆట చూద్దాం. తెల్లవారు రాజు ముందరి బంటును రెండు గడులు, ఇ4కు వేశారు. నల్లవారు కూడా అలాగే ఇ5కు వేశారు. తెల్లవారు ఎఫ్1లో ఉన్న శకటును సి4కు తెచ్చారు. నల్లవారు బి8 గుర్రాన్ని సి6కు తెచ్చారు. తెల్లవారు మంత్రిని ఒక్కసారిగా హెచ్5కు తెచ్చారు. నల్లవారికి సంతోషం కలిగింది. జి8 గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే మంత్రిని కొట్టవచ్చును గదా! తెచ్చారు. తెల్ల మంత్రి ఎఫ్7లో ఉన్న బంటును కొట్టింది. ఆటకట్టు. రాజు ఆ మంత్రిని కొట్టలేడు, ఎందుకంటే సి4లో ఉన్న శకటు దానిని కాస్తోంది. నాలుగో ఎత్తుకే ఆట అయిపోయింది.

నల్లవారికి నడక తెలియక ఓడిపోలేదు. తాను ఏమి కొట్టగలనో చూశారు, ఎదుటివారు ఏమి కొట్టబోతున్నారో చూడలేదు. మంత్రి హెచ్5కు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది ఇక్కడికి ఎందుకు వచ్చింది అని అడిగితే ఎఫ్7 కనిపించేది. అప్పుడు జి7 బంటును జి6కు వేస్తే చాలు, మంత్రి దారి మూసుకుపోతుంది, పైగా మంత్రే పారిపోవలసి వస్తుంది. అది ఎఫ్3కు పోయి మళ్లీ ఎఫ్7 మీద కన్ను వేస్తుంది. ఇప్పుడు గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే అడ్డు నిలుస్తుంది. అదే గుర్రం, అదే గడి. ఒక ఎత్తు ముందు వేస్తే ఓటమి, చూసి వేస్తే రక్షణ.

కాబట్టి ప్రతి ఎత్తుకు ముందు చేతులు ఒడిలో పెట్టుకుని ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

1. ఎదుటివారు ఆ పావును అక్కడికి ఎందుకు తెచ్చారు?
2. నా పావులలో కాపలా లేనిది ఏది?
3. నేను వేయబోయే ఎత్తు తరువాత వారు ఏమి కొట్టగలరు?

నర్సింగు స్కూలులో మొదటి సంవత్సరం పిల్లలకు మేము నేర్పేది కూడా ఇదే: రోగిని చూడు, తరువాతే చెయ్యి వెయ్యి. చదరంగం బల్ల దగ్గర ఈ అలవాటు వస్తే ఇంట్లో కోపం వచ్చినప్పుడు కూడా కొంత పనికి వస్తుందని నేను అనుకుంటాను.

వార్డులో ఆడేవారు పాటించవలసినవి

* ఆటకు ముందు, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ప్లాస్టిక్ పావులను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఒక మంచం నుండి మరో మంచానికి ఇచ్చేముందు తప్పక కడగాలి.
* ఇతరులకు అంటుకునే జబ్బు ఉన్నవారు, విడిగా ఉంచబడినవారు డాక్టరుగారు చెప్పేవరకు ఎదురెదురుగా కూర్చుని ఆడకూడదు.
* సెలైన్ లేక డయాలసిస్ సూది ఉన్న చేతిని కదపవద్దు. ఆ చెయ్యి దిండు మీదే ఉండాలి.
* ఒకే భంగిమలో ఎక్కువసేపు కూర్చోవద్దు. అరగంటకు ఒకసారి అటూ ఇటూ కదలండి. లేచి నడవవచ్చునని చెప్పబడినవారు నాలుగు అడుగులు వేయండి. కట్టు వేసిన కాలు వేలాడదీయవద్దు.
* ఆట మధ్యలో ఉన్నామని మాత్రలు, ఇంజెక్షను, భోజనం ఆలస్యం చేయవద్దు. షుగరు మందు వేసుకునేవారికి ఇది మరీ ముఖ్యం.
* గుండె జబ్బుతో చేరినవారు డాక్టరుగారిని అడిగి ఆడండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు వస్తే ఆట ఆపి వెంటనే సిస్టరును పిలవండి.
* 3 ఏళ్లలోపు పిల్లలకు పావులు అందనీయవద్దు. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది.
* డబ్బు పందెం పెట్టి ఆడటం ఇక్కడ ఎంతమాత్రం కూడదు.
* లైట్లు ఆర్పే వేళకు ఆట ఆపాలి. పావులు ఉన్న చోటు కాగితం మీద రాసుకుంటే మర్నాడు కొనసాగించవచ్చును.

ఎదురుగా కూర్చున్నవారి బాధ్యత

మీరు ఎవరితోనైనా రోజూ ఆడుతున్నారంటే, వారి మాట తీరు, చేతి కదలిక మీకు బాగా తెలుస్తాయి. ఇది చాలా విలువైన సంగతి. నిన్న చక్కగా ఆడినవారు ఈ రోజు హఠాత్తుగా పావు పట్టుకోలేకపోతే, మాట తడబడితే, మూతి ఒక పక్కకు వంకరపోతే, అది పక్షవాతం కావచ్చును. వెంటనే సిస్టరుకు చెప్పండి. ఇంట్లో అయితే 108కు ఫోను చేయండి. ఎప్పుడు మొదలైందో టైము గుర్తుంచుకోండి. మొదటి కొద్ది గంటలలో ఇవ్వగలిగే వైద్యం తరువాత ఇవ్వడం కుదరదు.

షుగరు మందు వేసుకునేవారికి చెమట పట్టి, చేతులు వణికి, కారణం లేకుండా కోపం వచ్చి, నియమాలు మరచిపోయినట్టు ప్రవర్తిస్తే రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చును. వార్డులో అయితే సిస్టరును పిలవండి. ఇంట్లో, తెలివిగా ఉండి మింగగలిగితే చక్కెర నీళ్లు గాని గ్లూకోజు గాని ఇవ్వండి. తెలివి లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, 108ను పిలవండి.

వృద్ధులు ఆపరేషన్ తరువాత, లేక జ్వరంలో, ఒకటి రెండు రోజులలోనే అయోమయంగా మారవచ్చును. వయసు వచ్చింది లెమ్మని ఊరుకోవద్దు. అది జబ్బు గుర్తు.

పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారిలో కొందరు బల్లకు ఎడమ పక్కనున్న పావులను అసలు పట్టించుకోరు. అది అజాగ్రత్త కాదు, కన్ను పోవడమూ కాదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్నప్పుడు ఆ వైపు ధ్యాస తగ్గిపోతుంది. నవ్వకండి, విసుక్కోకండి. నెమ్మదిగా, ఎడమ పక్కకూడా చూడండి అని గుర్తుచేయండి. ఆ సంగతి సిస్టరుకో ఫిజియోథెరపిస్టుకో చెప్పండి. బలహీనమైన చేత్తో పావులు ఎత్తి పెట్టవచ్చునా అని కూడా వారినే అడగండి. అటువంటివారికి పెద్ద పావులు అయితే మంచిది.

గెలుపు, ఓటమి

మంచాన ఉన్న పిల్లవాడిని పదిసార్లు వరుసగా ఓడిస్తే వాడు బల్ల ముట్టడు. కావాలని ఓడిపోతే కూడా వాడు కనిపెట్టేస్తాడు. మంచి పద్ధతి ఒకటుంది: బాగా వచ్చినవారు తమ మంత్రిని తీసివేసి ఆడాలి. పిల్లవాడు గెలవడం మొదలుపెట్టాక మంత్రి బదులు ఏనుగును తీసివేయండి, తరువాత గుర్రాన్ని. అప్పుడు ఇద్దరూ నిజంగానే ఆడినట్టు. ఆట అయ్యాక, ఎక్కడ పోయిందో ఇద్దరూ కలిసి వెనక్కి వేసి చూసుకోండి. ఓడినవారిని గేలి చేయడం, గెలిచినవారి మీద అలగడం రెండూ విశ్వాసుల ఇండ్లలో ఉండదగినవి కావు.

ఆటకు ఎడం వచ్చినంత మాత్రాన ఆట పోదు. మన కృష్ణా జిల్లా నుండి వచ్చిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2017లో కూతురు పుట్టింది. ఆ కాలంలో సుమారు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉన్నారు. తిరిగి వచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు, 2024లో మళ్లీ గెలిచారు. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో చెన్నైలో జరిగిన ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడారు. ఆ సంవత్సరం మన మహిళల జట్టుకు కాంస్య పతకం వచ్చింది. మంచాన పడ్డ తల్లులు, ఉద్యోగం మానవలసి వచ్చిన అన్నయ్యలు ఈ సంగతి గుర్తుంచుకోండి. కొంతకాలం ఆగడం అంటే అయిపోవడం కాదు.

డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాక తోడు దొరకకపోతే ఫోనులో కూడా ఆడవచ్చును. లిచెస్ అనేది పూర్తిగా ఉచితం. అయితే ఇంట్లో మనిషి ఉంటే ముందు ఆ మనిషిని పిలవండి.

పాఠం ఎంతవరకు వచ్చిందో చూసుకోండి

1. బల్ల పరిచినప్పుడు మీ కుడిచేతి మూలన ఏ రంగు గడి ఉండాలి?
2. ఇతర పావుల మీద నుండి దూకగలిగేది ఏది?
3. షా నుండి తప్పించుకునే మూడు దారులు ఏవి?
4. ఎదుటి రాజుకు షా లేదు, వేయడానికి ఒక్క ఎత్తూ లేదు. ఫలితం ఏమిటి?
5. మీ శకటు పోయి, వారి ఏనుగు మీకు వస్తే లాభమా, నష్టమా?
6. మీ తోటి ఆటగాడి మాట హఠాత్తుగా తడబడింది. మీరు వేయవలసిన ఎత్తు ఏమిటి?

జవాబులు: 1. తెల్ల గడి. 2. గుర్రం. 3. రాజును జరపడం, షా ఇచ్చిన పావును కొట్టడం, అడ్డు పెట్టడం. 4. ఆట సమానం. 5. లాభం, 3 ఇచ్చి 5 తీసుకున్నారు. 6. ఆట వదిలి వెంటనే సిస్టరును పిలవడం.

ఈ రోజు సాయంత్రం పక్క మంచం వారిని ఆటకు పిలవండి. వారికి రాకపోతే బంట్ల ఆటతో మొదలుపెట్టండి. దేవుడు మీకందరికీ త్వరగా స్వస్థతను, మంచి తోడును అనుగ్రహించును గాక.

ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్